భోజనమయ్యాక పోయాల్సిన గ్లాసు

గెస్ట్‌హౌస్ డ్యూటీ పడిందని మొహం మాడ్చుకుని వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. గనిలో దిగితే మనిషికి ఒక పేరుంటుంది, ఇక్కడ పళ్ళాలు ఎత్తడం తప్ప ఏముందని వాళ్ళ బాధ. నేనూ ఆ మొహంతోనే వచ్చాను. మా ఆయన కొమురయ్య గనిలో కోల్‌కట్టర్. గని కప్పు కూలి పోయాడు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. మూడేళ్ళు ఆఫీసు వరండాలు ఊడ్చాక గోదావరిఖనిలో కంపెనీ గెస్ట్‌హౌస్‌కు పంపారు. అక్కడ అంట్ల దగ్గర మొదలుపెట్టి, వడ్డన మొత్తం చూసుకునే మనిషిగా మొన్న ఎండాకాలంలో ఉద్యోగం దిగిపోయాను.

ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో నాకే సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది ఒక ఇటలీ పెద్దాయన, ఆయన తెచ్చిన రెండు సీసాలు, వాటివల్ల నాకు పడిన శిక్ష, ఆ తర్వాత మాకు దక్కిన ఒక ఆదివారం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు వడ్డన గురించి తెలుసుకోవలసిందంతా నాకు తెలిసినంతలో ఆ నాలుగు నెలల్లోనే ఉంది. అందుకే అదొక్కటే రాస్తున్నాను.

ఐసు, సోడా, నిమ్మచెక్క

ఆల్డో సారుకు అప్పటికి అరవై ఆరేళ్ళు. కొత్త గనిలోంచి బొగ్గును పైకి మోసుకొచ్చే పొడవాటి బెల్టు, దాన్ని తిప్పే యంత్రాలు ఇటలీ నుంచి వచ్చాయి. వాటిని నిలబెట్టి, నడిపించి చూపించి వెళ్ళడం ఆయన పని. మా గెస్ట్‌హౌస్‌లో చివరి గది ఇచ్చారు. ఆయన ఇంగ్లిషు, నా ఇంగ్లిషు ఒక్క తీరుగానే ఉండేవి, మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. అందుకే మాకు బాగా కుదిరింది. ఆయన మాటలను ఇక్కడ నాకు అర్థమైన తెలుగులోనే రాస్తాను.

వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు ఆయన నా చేతికి ఒక సీసా ఇచ్చారు. లోపల నీళ్ళలా తేటగా ఉంది. భోజనంతో తీసుకుంటానన్నట్టు బల్ల వైపు చూపించారు. మా గెస్ట్‌హౌస్‌లో మందు అమ్మరు, తెప్పించరు. అతిథి తన సీసా తాను తెచ్చుకుంటే చిన్న భోజనాల గదిలో తలుపు వేసి పెట్టుకోనిచ్చేవాళ్ళు. నాకు ఆ సీసా ఏమిటో తెలియదు. అప్పటి ఇన్‌చార్జి సారును అడిగాను. ఆయన పేరు రాయను, ఆయన పిల్లలు ఇంకా ఈ ప్రాంతంలోనే ఉన్నారు.

"ఏముంది సరోజనా, ఫారిన్ మందు. తినకముందే ఇయ్యాలె. పెద్ద గ్లాసు తీసుకో, ఐసు దండిగ వెయ్యి, సోడ పొయ్యి, నిమ్మచెక్క పెట్టు. పల్లీలు వేయించుమను," అన్నారు.

అట్లాగే చేశాను. నిండుగా పోశాను, మర్యాద తక్కువ కాకూడదని. ఆల్డో సారు గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు. నవ్వి, మొత్తం తాగారు. రెండో గ్లాసు కూడా పోశాను. అదీ తాగారు. నాకు చాలా సంతోషమేసింది.

మర్నాడు సాయంత్రం మల్లేశ్ వచ్చాడు. బెల్టు పని చేసే పదకొండు మంది జట్టుకు అతను హెడ్ ఫిట్టర్. సెంటినరీ కాలనీలో ఉంటాడు, మా ఆయనకు తమ్ముడి వరస. ఆల్డో సారుతో పొద్దంతా ఉంటాడు కాబట్టి ఆయన మనసులో మాట అందరికంటే ముందు అతనికే తెలిసేది.

"వదినా, నిన్న ఆ ముసలాయనకు ఏం తాగిచ్చినవే?" అన్నాడు.

"ఏమైంది? నచ్చలేదా?"

"నచ్చుడు కాదు. అది తిన్నంక తాగేదట, గింతంత. సోడ పోస్తే ఖరాబైతదట. నాలుగు నెలలకని తెచ్చుకున్న సీసా, ఒక్క పూటల సగం జేసినవ్. నిన్ను నొప్పియ్యొద్దని తాగిండు. పొద్దుగాల నుంచి తలకాయ పట్టుకొని కూసున్నడు గనిల."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అతిథి నవ్వుతూ తాగాడంటే మనం సరిగ్గా చేశామని అర్థం కాదు. మంచి మనుషులు మన తప్పును మింగేస్తారు. తిట్టే అతిథి దగ్గర మన తప్పు మనకు వెంటనే తెలుస్తుంది. మర్యాదస్థుడి దగ్గర మనమే కనిపెట్టుకోవాలి. నాకు తెలియనప్పుడు అడగవలసింది సీసా తెచ్చిన మనిషిని. తెలియని ఇంకో మనిషిని అడిగాను. ఈ పనిలో నేను చేసిన తప్పుల్లో అదే పెద్దది.

చేతి వెనక ఒక చుక్క

మంగళవారం ఆయన పనికి వెళ్ళకముందే తలుపు తట్టి, క్షమించమన్నాను. నాకు నేర్పమన్నాను. ఆయన కాసేపు ఆశ్చర్యంగా చూసి, ఆదివారం రమ్మన్నారు.

ఆదివారం ఆయన భోజనం చేశారు. తన వెంట తెచ్చుకున్న చిన్న అల్యూమినియం పాత్రలో చిక్కటి కాఫీ కాచుకుని తాగారు. ఆ తర్వాతే సీసా తీశారు. నేను తాగనని ముందే చెప్పాను. ఫరవాలేదని, నా చేతి వెనక ఒక్క చుక్క వేసి, రుద్ది వాసన చూడమన్నారు. ముందు ఘాటుగా ముక్కుకు కొట్టింది. చెయ్యి ఆరిన తర్వాత ఎండు ద్రాక్ష వాసన, ఎండిన గడ్డి వాసన, వెనకాల ఎక్కడో వేడి రొట్టె వాసన.

దాన్ని గ్రాప్పా అంటారట. వైను కోసం ద్రాక్ష పిండి రసం తీసుకున్నాక తొక్కలు, గింజలు మిగులుతాయి. ఆ పిప్పిని ఆవిరి మీద ఉడికించి, పైకి లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే వచ్చేది ఇది. "వైను భూస్వాముల ఇంటికి పోయేది. మా తాతలకు పిప్పి మిగిలేది. చలిలో పొలం పోయేముందు దీన్నే తాగేవాళ్ళు," అన్నారాయన.

నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ గోదావరి అవతల జైపూర్ దగ్గర పల్లెలో ఇప్పపూలతో సారా దించేది. కుండ మీద కుండ, మధ్యలో గొట్టం, కింద మంట. చిన్నప్పుడు ఆ పొయ్యి దగ్గర కూర్చున్నాను. చేతులతో ఆ కుండలన్నీ గాలిలో గీసి చూపించాను. ఆల్డో సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నీకు తెలుసు! నీకు ముందే తెలుసు!" అని నా భుజం తట్టారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పాఠమే. తేట రంగుది కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి కొంచెం చల్లగా ఇవ్వాలి. చెక్క పీపాలో ఏళ్ళు నిలవ ఉన్నది తేనె రంగులో ఉంటుంది, దాన్ని చల్లబరచకూడదు. ఐసు ఎందులోనూ వద్దు. కాడ ఉన్న చిన్న గ్లాసు కావాలి, మూతి దగ్గర సన్నబడాలి, మూడో వంతు మించి పోయకూడదు. ముక్కు గ్లాసులో దూర్చకుండా గడ్డం దగ్గర పట్టుకుంటే వాసన తనంతట తానే పైకి వస్తుంది. గుక్కలు కాదు, పెదవి తడిసేంత. చివరికి కాఫీ కప్పు అడుగున మిగిలిన మరకలో నాలుగు చుక్కలు వేసి, కప్పును గుండ్రంగా తిప్పి కడిగినట్టు చేసి అదీ తాగేవారు. వాళ్ళ ఊళ్ళో అట్లా చేస్తేనే భోజనం అయిపోయినట్టట.

గ్లాసులు కావలసి వచ్చాయి. మా వంటమనిషి ఖాజా భాయ్ ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఇంట్లో ఉన్నవాడు. ఆయన స్టోరు గదిలో చినిగిన పరదాల వెనక నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. పాత కాగితాల్లో చుట్టిన కాడ గ్లాసులు, పదహారు.

"పాత సాబ్‌ల జమానాల వాడిండ్రు బేటీ. తర్వాత ఎవలూ అడగలే. నేను తాగను, గని గ్లాసు అందం తెలుసు," అన్నాడు. ఇద్దరం కూర్చుని వాటిని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా మళ్ళీ కడిగాం.

ఒక మాట దాచకుండా రాస్తాను. మా కొమురయ్య కూడా తాగేవాడు. షిఫ్టు దిగి, ఖాళీ కడుపుతో, నిలబడి, గబగబా. తాగి వచ్చాక అన్నం ముట్టేవాడు కాదు. మందంటే నాకు తెలిసింది అదే. కడుపు నిండా తిని, కిటికీ దగ్గర కూర్చుని, రెండు చెంచాలంత మందును అరగంట సేపు వాసన చూసి, చివరికి సీసాకు బిరడా బిగించి నాకు తిరిగి ఇచ్చేసే మనిషిని నేను మొదటిసారి చూశాను. ఇట్లా కూడా తాగవచ్చా అనిపించింది. కొమురయ్య మీద కోపం వచ్చింది, వెంటనే జాలీ వేసింది. అతనికి కూర్చోబెట్టి పోసినవాళ్ళెవరు?

ఇంకో సీసా ఉందని ఆయన నాలుగో ఆదివారం చెప్పారు. తేనె రంగుది. ఆయన ఊళ్ళో చిన్న సారా బట్టీ ఉంది. ఆయన అన్న అందులో జీవితమంతా పనిచేసి చనిపోయాడు. అన్న చేతుల మీదుగా దిగిన సరుకులో అది చివరి సీసా. పని పూర్తయి యంత్రం నడిచిన రోజున, ఆ ఊరి జట్టుతో కలిసి సీసా తెరవడం ఆల్డో సారు అలవాటు. దీన్ని కిందటి పనికి ఇంకో దేశం తీసుకెళ్ళారట. అక్కడ యంత్రం సరిగ్గా నడవలేదు. పని మధ్యలో ఆగిపోయింది. సీసాను మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకున్నారు.

"ఇదే నా చివరి పని. ఈసారి కూడా వెనక్కి తీసుకుపోతే ఇక ఎప్పుడూ తెరవను," అని దాన్ని నాకిచ్చారు. చిన్న భోజనాల గదిలో గోడ బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి నా నడుముకు కట్టుకున్నాను.

తాళం చెవి

మూడో నెలలో హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కంపెనీ మనిషి కాదు, కానీ ఆయన వస్తే మా ఇన్‌చార్జి సారుకు కాలు నిలిచేది కాదు. మధ్యాహ్నం భోజనం సగంలో ఉండగా సారు వంటింట్లోకి వచ్చారు.

"సరోజనా, ఆ ఇటలీ సీసా తియ్యి. ఎర్రగుంటది సూడు, గది. సారు ఎన్నడు తాగలేదంటున్నడు."

"అది అతిథిది సారు. ఆల్డో సారు గనిల ఉన్నడు. వచ్చినంక అడిగి ఇస్త."

"అడిగేదేంది? జెరంత పోస్తం. ఏమన్న తెలుస్తదా?"

"మూత ఇంక తియ్యలే సారు. తీస్తె తెలుస్తది."

"తెలిస్తే నేను మాట్లాడుత. ఇంకో సీసా తెప్పిస్త."

"గసోంటిది ఇంకోటి లేదు సారు. పోయిన మనిషి చేసింది."

ఖాజా భాయ్ గరిటె ఆపి చూస్తున్నాడు. సారు చెయ్యి చాపారు. "చెవి ఇయ్యి."

ధైర్యంగా నిలబడ్డానని రాస్తే అబద్ధం. ఇద్దరు పిల్లల చదువు ఈ ఉద్యోగం మీదే ఉంది. కానీ ఆ చెయ్యి చూస్తుంటే నాకు వేరే ఏ జవాబూ రాలేదు.

"ఇయ్య సారు," అన్నాను.

ఆయన అరవలేదు. "మంచిది," అని వెళ్ళిపోయారు. రెండో రోజు నన్ను నస్పూర్ కాలనీ దవాఖానలో అటెండర్ డ్యూటీకి వెయ్యమని మాట వచ్చింది. తాళం చెవి ఆల్డో సారు చేతికే ఇచ్చాను. ఎందుకు వెళ్ళిపోతున్నావని అడిగారు. "ట్రాన్స్‌ఫర్," అని మాత్రం చెప్పి బస్సెక్కాను.

అక్కడ నేను రెండో తప్పు చేశాను. జరిగింది జరిగినట్టు ఆయనకు, పై సారులకు చెప్పవలసింది. మనకు జరిగిన అన్యాయాన్ని మింగి ఊరుకోవడం పెద్దమనిషితనమని మా తరం ఆడవాళ్ళం అనుకునేవాళ్ళం. మీరు అట్లా అనుకోకండి. మీరు నోరు మూసుకుంటే ఎదుటివాళ్ళు తమకు తోచింది ఊహించుకుంటారు. ఆల్డో సారు ఏం ఊహించుకున్నారో నెల తర్వాత తెలిసింది.

నస్పూర్ దవాఖాన

దవాఖానలో చీటీలు రాయించడం, వరస నిలబెట్టడం నా పని. గోదావరి దాటి రోజూ బస్సులో పోయి రావడం. చేతులు ఊరికే ఉండేవి కావు గాని మనసు ఊరికే ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం బయట మోటార్ సైకిల్ ఆగింది. మల్లేశ్ నడుపుతున్నాడు, వెనక ఆల్డో సారు. హెల్మెట్ తీస్తే గుర్తుపట్టలేకపోయాను. మనిషి సగమయ్యారు.

"ఏంది మల్లేశ్, గిట్లున్నడేంది సారు?"

"తింటలేడు వదినా. బెల్టు నడుస్తలేదు. రెండుసార్లు ట్రయల్ చేసినం. తిప్పిన పది నిమిషాలకే కుడి పక్కకు జరిగిపోయి ఫ్రేముకు రాసుకుంటంది. ఆపెయ్యాలె. కాగితాల మీద అన్ని కరెక్టే ఉన్నయి. పనే తెల్వదు ఈ ముసలాయనకు అంటున్నరు పై నుంచి."

ఆల్డో సారు బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. అడగవలసిన మాట ఎన్నాళ్ళుగానో మోస్తున్నట్టు మెల్లగా అడిగారు. "నేను తాగుతున్నానని నీకు చెడ్డపేరు వచ్చిందా? అందుకే నిన్ను పంపేశారా?"

అప్పుడు మొత్తం చెప్పాను. ఇన్‌చార్జి సారు తాళం చెవి ఇవ్వమన్నది, నేను ఇవ్వనన్నది. మల్లేశ్ మధ్యలో మాటలు అందించాడు. ఆల్డో సారు మొహం ఎర్రబడింది. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

"బెల్టు నడుస్తుంది. నడిచిన తర్వాత ఆ సీసా నువ్వే పోస్తావు. నువ్వు లేకుండా దాన్ని తెరవను," అన్నారు.

నేను లోపలికి పోయి నా టిఫిన్ డబ్బా తెచ్చి ముందు పెట్టాను. జొన్న రొట్టె, పచ్చి పులుసు. "ముందు తినుండ్రి," అన్నాను తెలుగులోనే. తిన్నారు. మల్లేశ్‌కు మిగల్లేదు.

వెళ్ళేముందు మల్లేశ్ నాతో విడిగా అన్నాడు. "వదినా, నాకొక అనుమానం ఉంది. యంత్రం మంచిదే. భూమే మోసం చేస్తందేమో. చెప్తె చిన్నోని మాట వింటరా అని ఊకున్న."

"నేను గట్లనే ఊకుండి నెల రోజుల నుంచి గీడ ఉన్న. నువ్వు చెప్పు," అన్నాను.

మర్నాడు మల్లేశ్ ఒక దారం, దాని కొసన కట్టే ఇనుప గుండు పట్టుకుని ఏటవాలు సొరంగంలో బెల్టు కింద బోర్లా పడుకుని, షిఫ్టు మొత్తం బెల్టును మోసే ఒక్కొక్క స్టాండు కొలిచాడు. మధ్యలో నీటి ఊట ఉన్న చోట ఒక వైపు స్టాండ్లు మూడు వేళ్ళ మందం కుంగిపోయాయి. పైనుంచి చూస్తే కనబడదు. ఆల్డో సారు స్వయంగా పక్కన పడుకుని చూశారట. ఊటనీళ్ళకు కాలువ తీసి, జాకీలతో స్టాండ్లు లేపి, కింద కొత్తగా కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా ఆగారు.

తర్వాత గురువారం పొద్దటి షిఫ్టులో బెల్టు తిప్పారు. పది నిమిషాలు. గంట. షిఫ్టు మొత్తం. బెల్టు గీత గీసినట్టు తిన్నగా నడిచింది, బొగ్గు పైకి పోస్తూనే ఉంది. మల్లేశ్ దవాఖాన ఫోనుకు చేసి, "వదినా..." అన్నాడు. వెనక జట్టు అరుపులు వినబడ్డాయి. నేను చీటీల వరసలో ఉన్నవాళ్ళందరి ముందు చప్పట్లు కొట్టాను. ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ కొట్టారు.

ఆదివారం భోజనం

ఆ గురువారం సాయంత్రం జనరల్ మేనేజర్ సారే ఫోను చేశారు. ఆల్డో సారుకు ఏం కావాలని అడిగితే రెండే కోరారట. ఆదివారం మధ్యాహ్నం పెద్ద హాల్లో జట్టు పదకొండు మందికీ తనతో పాటు భోజనం. వడ్డన సరోజనది.

"వస్తవా అమ్మా? జరిగింది నాకు ఇప్పుడే తెలిసింది," అన్నారు సారు.

"వస్త సారు. గని ఆ పూట హాల్ల నా మాట నడవాలె. ఎవలకు ముందు, ఎవలకు వెనక అనేది నేను చూసుకుంట."

"నడుస్తది," అన్నారు.

ఆ హాల్లో అంతకుముందు ఫిట్టర్లు కూర్చోగా నేను చూడలేదు. పదకొండు మంది ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. ఖాజా భాయ్ బగారన్నం, మటన్ కూర, కట్టుచారు చేశాడు. చివరికి ఎండు ఆప్రికాట్లు నానబెట్టి వండిన ఖుబానీ కా మీఠా. ఇన్‌చార్జి సారు పక్కన నిలబడి ఏం చెయ్యాలో తెలియక చేతులు నలుపుకుంటున్నారు. "సారు, నీళ్ళ జగ్గు పట్టుండ్రి," అన్నాను. ఆయన పట్టారు. బల్ల చుట్టూ తిరిగి అందరికీ పోశారు. బాగానే పోశారు, ఒక చుక్క ఒలకలేదు. ఆ మాట నిజాయితీగా రాయాలి.

జట్టు చూపులన్నీ తెరిచిన తలుపులోంచి చిన్న గదిలో కనబడుతున్న గోడ బీరువా మీదే ఉన్నాయి. పెద్దవాడు ఓదెలు ఉండబట్టలేకపోయాడు.

"సరోజనక్కా, సీసా ఎప్పుడు తీస్తవ్? మందు ముందల తాగుతరు గని తిన్నంక ఎవలన్న తాగుతరా?"

"గీ మందు తిన్నంకనే. కడుపు నిండ తిను ముందు."

"తిన్నంక ఎక్కుతదా?"

"ఎక్కనీకి కాదు ఓదెలన్నా. సూద్దువు గని ఆగు."

తిన్నారు. మొదట బెరుకుగా, తర్వాత బగారన్నం మారు అడిగి మరీ. అందరికీ చిన్న కప్పుల్లో కాఫీ ఇచ్చాను. అప్పుడు ఆల్డో సారు తాళం చెవి నా చేతికి ఇచ్చారు. సీసా తీసి ఆయన ముందు పెట్టాను. మూత మైనం గీకి, బిరడా తీసి, ఆయన కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన చూసి, సీసా నాకు తిరిగి అందించారు.

జనరల్ మేనేజర్ సారు బల్ల మొదట్లో కూర్చున్నారు. ఇన్‌చార్జి సారు కంటితో అటువైపు సైగ చేశారు, ముందు అక్కడ అని. నేను మల్లేశ్ దగ్గరికి వెళ్ళాను. బెల్టు కింద పడుకున్న మనిషికి మొదటి గ్లాసు. తర్వాత ఓదెలుకు. అట్లా జట్టంతా. జట్టులో యాకూబ్, ఇంకొకతను తాగరు. వాళ్ళకు ఖుబానీ రెండోసారి వడ్డించాను. ఆ తర్వాత ఆల్డో సారుకు.

"సారు, మీది చివరికి," అన్నాను జనరల్ మేనేజర్ గారితో.

"న్యాయమే," అని ఆయన నవ్వి గ్లాసు జరిపారు.

కాడ పట్టుకోమని, గడ్డం దగ్గర ఆపి వాసన చూడమని, పెదవి తడపమని చెప్పాను. ఓదెలు వినలేదు. ఒక్క గుక్కలో వేసుకుని దగ్గాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హాలంతా నవ్వులు. మిగతావాళ్ళు మాత్రం నెమ్మదించారు. మల్లేశ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "వదినా, కిస్మిస్ వాసనొస్తంది. బెల్లం కూడ," అన్నాడు. బయట ఎండ, లోపల ఇంతమంది మనుషులు చిన్న గ్లాసులు పట్టుకుని తొందర లేకుండా కూర్చోవడం. పని మీద నుంచి వచ్చినవాళ్ళు ఇంత నిమ్మళంగా కూర్చుని మాట్లాడుకోవడం నా ఉద్యోగంలో అంతకుముందు చూడలేదు.

ఆల్డో సారు లేచి ఒక్కొక్కరి పేరు పెట్టి పిలిచారు. ఎవరు ఏ బోల్టు బిగించారో, ఎవరు నీళ్ళలో నిలబడ్డారో చెప్పారు. మల్లేశ్ దగ్గరికి వచ్చేసరికి, "నలభై ఏళ్ళ పనిలో నేను చూడనిది ఇతను దారంతో చూశాడు," అని గ్లాసు ఎత్తారు. జనరల్ మేనేజర్ సారు కూడా లేచి నిలబడ్డారు. దాంతో అందరూ లేచారు.

అప్పుడు ఆల్డో సారు ఒక గ్లాసులో కొంచెం పోసి నా ముందు పెట్టారు. బలవంతం లేదు, నీ ఇష్టం అన్నట్టు చెయ్యి చూపారు. నేను అంతవరకు నాలుక మీద మందు వేసుకోలేదు. అంతమంది మగవాళ్ళ ముందు, పై అధికారుల ముందు. ఖాజా భాయ్ వంటింటి తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. గ్లాసు తీసుకుని, వాసన చూసి, పెదవి తడిపి, నాలుక మీద ఉంచుకుని మింగాను. గొంతులో వెచ్చగా దిగింది. ఎండు ద్రాక్ష, చెక్క, తేనె. అన్నిటి వెనకాల సన్నగా ఒక వగరు, తడి గోనెసంచి లాంటి వాసన. దాన్ని వెంటనే గుర్తుపట్టాను. సారా దించేటప్పుడు చివర్లో వచ్చే పలుచటి ధారకు ఆ వాసన ఉంటుంది. దాన్ని మంచి సరుకులో కలవనివ్వకుండా మా అమ్మమ్మ అక్కడితో కుండ తీసేసేది.

"ఎలా ఉంది?" ఆల్డో సారు నా మొహమే చూస్తున్నారు.

చనిపోయిన అన్న చేసింది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. నోరు మూసుకుని ఒకసారి చెడింది చాలనుకున్నాను.

"మస్తుగుంది సారు. గని మీ అన్న పొయ్యి ఆర్పుట్ల జెర ఆలస్యం చేసిండు. చివరి ధార కొంచెం కలిసింది."

మల్లేశ్ దాన్ని చేతులతో, ఇంగ్లిషుతో, గొట్టం బొమ్మతో చెప్పాడు. ఆల్డో సారు నవ్వడం మొదలుపెట్టారు. బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు.

"పిసినారి! మా అన్న పెద్ద పిసినారి! త్వరగా ఆపు, త్వరగా ఆపు అని నేను ముప్పై ఏళ్ళు చెప్పాను. ఒక్కనాడు వినలేదు. మా ఊళ్ళో ఎవరూ నా మాట నమ్మలేదు!"

"ఏమన్నది? ఏమన్నది?" అని జనరల్ మేనేజర్ సారు అడుగుతున్నారు.

"సీసాల తప్పు పట్టింది సారు," అన్నాడు మల్లేశ్, గర్వంగా రొమ్ము విరిచి. "కరెక్టే పట్టిందట."

ఆల్డో సారు తన కాఫీ కప్పు నా వైపు జరిపారు. అడుగున మరకలో చివరి చుక్కలు పోశాను. ఆయన కప్పు తిప్పి, పైకెత్తి, అన్న పేరు చెప్పుకుని తాగారు. సోమవారం నుంచి నేను మళ్ళీ గెస్ట్‌హౌస్ డ్యూటీకి వచ్చాను.